చెయ్యి దూరని చోట హెడ్‌లైట్ బల్బు: ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

రాత్రిపూట ఒక్క లైటుతో వచ్చే కారు ఎదుటివాళ్ళకి కారులా కనిపించదు, బైకులా కనిపిస్తుంది. అందులోనూ పోయింది కుడి లైటయితే మరీ ప్రమాదం. మనం రోడ్డుకి ఎడమవైపు నడుపుతాం కదా, వెలుగుతున్న ఎడమ లైటు రోడ్డు అంచున ఉంటుంది, చీకట్లో ఉన్న సగం కారు ఎదురొచ్చేవాడి దారికి ఆనుకుని ఉంటుంది. "బైకే కదా, బోలెడు జాగా ఉంది" అనుకుని వాడు ముందున్న లారీని దాటడానికి బయటికొస్తాడు. కాబట్టి బల్బు పోయిందని తెలిసిన రోజే మార్చేయాలి. ఆదివారం దాకా ఆగే పని కాదిది.

మా కారు పాత హ్యాచ్‌బ్యాక్. దాంట్లో కుడి బల్బు మార్చడం పిల్లల పని. ఎడమ లైటు వెనక మాత్రం బ్యాటరీ కూర్చుని ఉంది. మధ్యలో ఉన్న సందు నా చేతికి చాలదు, మా అమ్మాయి చేతికి కూడా చాలదు. మొదటిసారి పోయినప్పుడు ఒక వర్క్‌షాపుకి తీసుకెళితే "బంపర్ ఊడదియ్యాలి సార్, సాయంత్రం రండి" అన్నారు. బల్బు ఖరీదు కంటే కూలి నాలుగింతలయింది. రెండోసారి నేనే బానెట్ ఎత్తి నింపాదిగా చూస్తే, కావలసింది పదో నంబరు పానా ఒక్కటే అని తేలింది. బ్యాటరీ తీస్తే చాలు, అవతల బోలెడు చోటు. బల్బు మార్చడం పెద్ద విద్యేం కాదు, అసలు పని చేతికి దారి చేయడం. చాలామంది దారి చేసుకోకుండా చెయ్యి దూర్చి, వేళ్ళు గీసుకుని, క్లిప్పు విరగ్గొట్టి, చివరికి మెకానిక్‌కి ఫోన్ చేస్తారు.

ఇక్కడ చెప్పేదంతా హాలోజన్ బల్బుల సంగతి, అంటే గాజు లోపల ఫిలమెంట్ తీగ వెలిగేవి. మీ కారుకి కంపెనీ నుంచే ఎల్‌ఈడీ లైట్లు వచ్చి ఉంటే మార్చడానికి విడిగా బల్బే ఉండకపోవచ్చు. జెనాన్ లైట్లయితే అసలు వేలు పెట్టకండి. అవి వెలిగే క్షణంలో 20 వేల వోల్టుల పైనే పుడుతుంది.

పోయింది బల్బేనా?

బానెట్ ఎత్తే ముందు కారుని గోడకెదురుగా పెట్టి డిమ్, బ్రైట్ రెండూ వేసి చూడండి. చాలా చిన్న కార్లలో ఉండేది హెచ్4 బల్బు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు, ఒకటి డిమ్‌కి, ఒకటి బ్రైట్‌కి. బ్రైట్ వెలిగి డిమ్ వెలగకపోతే బల్బే అనుమానం. ఒకవైపు రెండూ వెలగకపోతే ఫ్యూజు కూడా చూడండి. చాలా కార్లలో ఎడమ లైటుకి, కుడి లైటుకి వేరు వేరు ఫ్యూజులుంటాయి, ఏది దేనిదో ఫ్యూజు బాక్సు మూత లోపల బొమ్మ ఉంటుంది. రెండువైపులా ఒకేసారి డిమ్ పోతే స్విచ్చో, స్విచ్చు మాట విని లైట్లకి కరెంటు కలిపే రిలేయో కావచ్చు. ఒక బల్బు ఎప్పుడో పోయి మీరు గమనించకుండా తిరిగారేమో కూడా చూసుకోండి. ఊళ్ళో వీధి దీపాల కింద తిరిగేవాళ్ళకి ఇది మామూలే.

బల్బు బయటికొచ్చాక దాన్ని చూస్తే కథ తెలిసిపోతుంది. ఫిలమెంట్ తెగి వేలాడుతుంటే సహజ మరణం. గాజు లోపల తెల్లటి పొడిలా పట్టి ఉంటే ఎక్కడో గాలి దూరింది. బల్బు వెనక తొడిగే కప్లర్, అంటే వైర్ల చివరనున్న ప్లాస్టిక్ ముక్క, గోధుమరంగుకి తిరిగి, ప్లాస్టిక్ కరిగినట్టుంటే మాత్రం బల్బు ఒక్కటి మార్చి ఊరుకోకండి. ఆ కప్లర్ మార్చకపోతే కొత్త బల్బుకీ అదే గతి.

ఏ బల్బు కొనాలి

ఊహించి కొనొద్దు. కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, పాత బల్బు గాజు మొదట్లో ఉండే రేకు మీద కూడా అచ్చువేసి ఉంటుంది. హెచ్4 అయితే 12 వోల్టులు, 60/55 వాట్లు. డిమ్‌కీ బ్రైట్‌కీ విడివిడిగా బల్బులున్న కార్లలో హెచ్7, హెచ్11, హెచ్‌బీ3 లాంటివి వస్తాయి. వాటిలో హెచ్7, హెచ్11 55 వాట్లవి. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

షాపులో "సార్, 100/90 ఉంది, వెలుగు బాగుంటుంది" అంటారు. వద్దు. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది, 100 వాట్లది 8 దాటుతుంది. వేడి కరెంటుతో పాటు సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. అంటే సన్న వైర్లలో, కప్లర్ పిన్నుల దగ్గర పుట్టే వేడి రెండున్నర రెట్ల పైమాటే. పైన చెప్పిన కరిగిపోయిన కప్లర్లలో చాలా వాటి వెనక ఉండే కథ ఇదే. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో, అంటే లైటు లోపలి అద్దంలో, బజారు ఎల్‌ఈడీ దూర్చడం కూడా నాకు నచ్చదు. ఫిలమెంట్ ఎక్కడుంటుందో లెక్కగట్టి ఆ అద్దం వంపు తీర్చి ఉంటారు. వెలుగు పుట్టే చోటు రవ్వంత జరిగినా అది రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్ళలో పడుతుంది.

కొనేటప్పుడు రెండు కొనండి. ఒకే రోజు బిగించిన బల్బులు కాస్త అటూ ఇటూగా ఒకేసారి పోతాయి. పైగా పాతది కొంత మసకబారి ఉంటుంది కాబట్టి ఒకటే మారిస్తే రెండు లైట్ల వెలుగూ సమానంగా ఉండదు.

దగ్గర పెట్టుకోవలసినవి

పదో నంబరు పానా, వీలైతే అదే సైజు సాకెట్. నక్షత్రం మూతి స్క్రూడ్రైవర్ ఒకటి, చదునుది ఒకటి. తలకి కట్టుకునే టార్చ్ ఉంటే అదృష్టం, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మందుల షాపులో దొరికే పల్చటి గ్లౌజులు, కొంచెం సర్జికల్ స్పిరిట్, ఉతికిన నూలు గుడ్డ. ఒక పాత దుప్పటి. ఇది రెండు పనులకి వస్తుంది. సగం మడ్‌గార్డ్ మీద పరిస్తే బెల్టు బకిల్‌తో పెయింట్ గీసుకోదు, మిగతా సగం లైటు కింద ఇంజన్ సందుల్లో కుక్కితే జారిన స్క్రూ పాతాళానికి పోదు. నేను దుప్పటి లేకుండా చేసిన రోజు ఒక చిన్న బోల్టు కింద ప్లాస్టిక్ పళ్ళెంలో పడింది. బల్బుకి పావుగంట, బోల్టుకి గంటన్నర.

పొద్దున్న వెలుతురులో పెట్టుకోండి. కారు ఆపి కనీసం ఇరవై నిమిషాలయ్యాకే మొదలుపెట్టండి. ఇంజనూ, లైటులో వెలుగుతున్న బల్బులూ కాలుతూ ఉంటాయి. చాలా కార్లలో తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు, అక్కడ వేళ్ళు పెట్టకండి. ఉంగరాలు, వాచీ, చేతి కడియం తీసేయండి. బంగారం కరెంటుని చక్కగా మోస్తుంది. బ్యాటరీ పాజిటివ్‌కీ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే వేలు కాలిపోతుంది.

ముందు కళ్ళతో దారి వెతకండి

లైటు వెనకాల ఏముందో తల దూర్చి చూడలేం. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, ఫ్లాష్ వేసి, ఫోన్‌ని ఆ సందులోకి దించి మెల్లగా తిప్పండి. తర్వాత నీడకి కూర్చుని ఆ వీడియో చూడండి. బల్బు వెనక నీళ్ళు దూరకుండా కప్పే రబ్బరు టోపీ ఎక్కడుంది, కప్లర్ ఎటు తిరిగి ఉంది, దారికి అడ్డం ఏముంది, అన్నీ కనిపిస్తాయి. ఇదివరకు మెకానిక్‌లు చిన్న అద్దం ముక్క వాడేవాళ్ళు. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి కొత్తవాళ్ళకి వీడియోనే మేలు.

అడ్డం సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి ఉంటుంది. బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్‌కి గాలి తెచ్చే గొట్టం, అద్దం కడిగే నీళ్ళ డబ్బా మూతి, ఫ్యూజు బాక్సు. గాలి గొట్టమైతే రెండు క్లిప్పులు, ఒక స్క్రూ, అంతే. ఊడదీశాక ఫిల్టర్ వైపు ఉన్న రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి, పనయ్యాక తీయడం మరిచిపోకండి. నీళ్ళ డబ్బా మూతి చాలావాటిలో ఒక బోల్టు విప్పి పైకి లాగితే వచ్చేస్తుంది. ఫ్యూజు బాక్సుని మాత్రం బలవంతం చేయొద్దు, క్లిప్పు విప్పి వైర్లు ఎంతవరకు సాగితే అంతవరకే పక్కకి జరపండి.

కొన్ని కార్లలో పై నుంచి దారే ఉండదు, చక్రం దగ్గర నుంచే వెళ్ళాలి. ఎడమ లైటయితే స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పండి, కుడి లైటయితే ఎడమకి. అప్పుడు చక్రం ముందు అంచు లోపలికి పోయి, మడ్‌గార్డ్ లోపలి నల్ల ప్లాస్టిక్ లైనింగ్ దగ్గర చెయ్యి పట్టే చోటు వస్తుంది. దాన్ని పట్టి ఉంచేవి ప్లాస్టిక్ బటన్ క్లిప్పులు. నడిమి పిన్నుని స్క్రూడ్రైవర్‌తో కొంచెం పైకి లేపాకే మొత్తం క్లిప్పు లాగాలి. పిన్ను లేపకుండా లాగితే విరుగుతుంది. లైనింగ్ అంతా ఊడదీయక్కర్లేదు, ముందు వైపు మూడు నాలుగు క్లిప్పులు తీసి మడిచిపెడితే చెయ్యి పోతుంది. బంపర్ తీసి లైటు మొత్తం బయటికి లాగాల్సిన కార్లు కూడా ఉన్నాయి. మీది అలాంటిదని పుస్తకంలో ఉంటే, ఇంకొకరి సాయం లేకుండా ముట్టుకోకండి. బంపర్ ఒకవైపు జారి పెయింట్ గీసుకుంటే ఆ ఖర్చు ముందు కూలి ఏ మూలకి?

బ్యాటరీ తీయడం

అద్దాలు దించి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. బ్యాటరీ లేని కారు లోపల తాళంచెవి ఉండిపోతే అదో పెద్ద తంటా. కారు స్టీరియోకి కోడ్ ఉంటే ముందే రాసిపెట్టుకోండి. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి మళ్ళీ స్టార్టయ్యే కార్లలో బ్యాటరీకి సెన్సరు ఉంటుంది, వాటి సంగతి పుస్తకం చూశాకే.

పదో నంబరు పానాతో ముందు నెగెటివ్, అంటే నల్ల వైరు విప్పాలి. తర్వాతే ఎర్ర వైరు. ఈ వరస తప్పకూడదు. కారు బాడీ అంతా నెగెటివ్‌కే కలిసి ఉంటుంది. ముందు ఎర్రది విప్పబోయి పానా రెండో చివర బాడీకి తగిలితే భగ్గున మెరుపొస్తుంది. నల్లది ఊడిపోయాక తగిలినా ఏమీ కాదు. నల్ల వైరు చివరకి గుడ్డ చుట్టి దూరంగా వంచిపెట్టండి. బ్యాటరీని పట్టి ఉంచే పట్టీ నట్లు విప్పి, నిటారుగా పైకెత్తండి. చిన్న కారు బ్యాటరీయే పది కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది, నడుము వంచి ఒంటిచేత్తో లాగకండి. ఒరిగితే యాసిడ్ కారొచ్చు.

సులువైన వైపు సాధన

ఇదొక్కటీ తప్పకుండా చేయండి. కష్టమైన వైపు వెళ్ళే ముందు, చోటు బాగా ఉన్న రెండో లైటు బల్బుని కళ్ళతో చూస్తూ ఒకసారి తీసి పెట్టండి. ఎలాగూ రెండు బల్బులు కొన్నారు కదా, అక్కడ కొత్తది బిగించినట్టూ ఉంటుంది. క్లిప్పు ఎంత బలంగా నొక్కితే విడుతుందో, రబ్బరు ఎక్కడ బిగిసి ఉంటుందో వేళ్ళకి తెలుస్తుంది. అవతలివైపు వేళ్ళే మీ కళ్ళు. క్లిప్పు విడే దిక్కు మాత్రం అవతల అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండొచ్చు.

హెచ్4 అయితే వరస ఇది. ముందు వెనకనున్న మూడు పిన్నుల కప్లర్‌ని నేరుగా వెనక్కి లాగండి. వైర్లు పట్టుకుని లాగొద్దు. బిగిసిపోయి ఉంటే చిన్నగా అటూ ఇటూ ఆడిస్తూ లాగండి. తర్వాత రబ్బరు టోపీ. దానికి చెవిలాంటి కొస ఉంటుంది, అది పట్టి ఒలిస్తే వస్తుంది. దాని కింద సన్నటి తీగ క్లిప్పు. దాని కాళ్ళని లైటు వైపుకి నొక్కి, కొంచెం పక్కకి జరిపితే కొక్కెం నుంచి విడిపోతుంది. ఇది పూర్తిగా ఊడి రావలసింది కాదు, ఒక చివర కీలుకి వేలాడుతూ ఉండాలి. ఇప్పుడు బల్బు నేరుగా వెనక్కి వచ్చేస్తుంది. హెచ్11, హెచ్‌బీ3 రకాలకి తీగ క్లిప్పు ఉండదు, బల్బుని పావు చుట్టు అపసవ్యంగా తిప్పితే వస్తుంది. హెచ్7లో ఒక్కో కారుకి ఒక్కో ఏర్పాటు ఉంటుంది, కొన్నిటిలో మధ్యలో బల్బుని పట్టి ఉంచే ఒక చిన్న ముక్క కూడా ఉంటుంది. పాత బల్బుతో పాటు దాన్ని పారేయకండి.

కొత్త బల్బు

గాజుని వేళ్ళతో తాకకూడదు. నమ్మకాల సంగతి కాదిది. హాలోజన్ బల్బు గాజు గోడ వెలిగినప్పుడు 250 డిగ్రీల పైన వేడెక్కుతుంది. ఆ వేడి ఉంటేనే లోపలి వాయువు ఫిలమెంట్ నుంచి ఎగిరిన టంగ్‌స్టన్‌ని తిరిగి ఫిలమెంట్ మీదికే చేరుస్తుంది. గాజు మీద వేలి జిడ్డు ఉంటే అది కాలి మచ్చపడుతుంది, ఆ చోట వేడి ఎక్కువై గాజు బలహీనమవుతుంది. పొద్దున్నే తలకి కొబ్బరినూనె రాసుకున్న చేతుల గురించి వేరే చెప్పాలా. గ్లౌజు వేసుకుని రేకు దగ్గరే పట్టుకోండి. పొరపాటున గాజు తగిలితే స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

హెచ్4 బల్బు రేకు చుట్టూ మూడు పళ్ళుంటాయి. వాటిలో ఒకటి వెడల్పుది, అది పైకి రావాలి. చూడకుండా పెడుతున్నప్పుడు ముందు ఆ వెడల్పు పన్ను మీద బొటనవేలు ఆనించి, వేలు పైకి ఉండేలా లోపలికి తీసుకెళ్ళండి. సరిగా కూర్చుంటే బల్బు ఆడదు, తిరగదు. రవ్వంత కదిలినా తీసి మళ్ళీ పెట్టండి. ఒక వంకర బల్బుని క్లిప్పుతో నొక్కిపెడితే నిలుస్తుంది, వెలుగుతుంది కూడా, కానీ వెలుగు చెట్ల మీద పడుతుంది. క్లిప్పుని కొక్కెంలో ఇరికించాక వేలితో ఒకసారి తట్టి చూడండి.

తర్వాత రబ్బరు టోపీ. చాలామంది తొందరపడేది ఇక్కడే, నేనూ పడ్డాను. బల్బు వెలిగింది కదా అని రబ్బరు అంచు ఒకవైపు సరిగా కూర్చోకుండానే బ్యాటరీ బిగించేశాను. మొదటి వానకే లైటు లోపల ఆవిరి పట్టి, నీటి బొట్లు నిలిచాయి. మళ్ళీ బ్యాటరీ తీయడం, మళ్ళీ ఆ సందు. కొన్ని రబ్బర్ల మీద పైకి రావలసిన వైపు గుర్తు ఉంటుంది. నడిమి రంధ్రం బల్బు రేకుని చుట్టూ పట్టాలి, మూడు పిన్నులు పూర్తిగా బయటికి కనపడాలి, బయటి అంచు చుట్టూ వేలు తిప్పితే ఎక్కడా లేచి ఉండకూడదు. చివరగా కప్లర్, ఆగేదాకా నొక్కండి.

ఊడదీసినవన్నీ పూర్తిగా బిగించే ముందే లైటు వెలుగుతుందో లేదో చూసుకుందామనిపిస్తుంది. గాలి గొట్టమో నీళ్ళ మూతో తీసిన కార్లలో తప్పకుండా అలాగే చూడండి. బ్యాటరీయే తీసినవాళ్ళు దాన్ని పళ్ళెంలో కూర్చోబెట్టి ఈసారి ముందు ఎర్ర వైరు, తర్వాత నల్ల వైరు తగిలించి డిమ్, బ్రైట్ వేసి చూశాకే పట్టీ బిగించండి. గడియారం సమయం పోయి ఉంటుంది. కొన్ని కార్లలో పవర్ విండో ఒక్క నొక్కుతో పైకెక్కే సదుపాయం కూడా మళ్ళీ నేర్పాలి. కంగారేం లేదు.

గోడ దగ్గర చివరి పని

చీకటి పడ్డాక సమతలంగా ఉన్న చోట, గోడకి నాలుగైదు మీటర్ల దూరంలో కారు నిలపండి. లోపల లైటు ఎత్తు తగ్గించే చక్రం ఉంటే సున్నా మీద పెట్టండి. డిమ్ వేస్తే గోడ మీద వెలుగుకి పైన ఒక అంచు కనిపిస్తుంది. మన దేశపు లైట్లలో ఆ అంచు కుడివైపు అడ్డంగా ఉండి, ఎడమవైపు పైకి వాలుతుంది. కుడివైపు ఎదుటివాళ్ళ కళ్ళుంటాయి, ఎడమవైపు రోడ్డు అంచున నడిచేవాళ్ళూ బోర్డులూ కనపడాలి కదా. రెండు లైట్ల అంచులూ ఒకే ఎత్తులో ఉంటే పని అయినట్టే. మార్చిన లైటు అంచు చెదిరిపోయి పైకి చిమ్ముతుంటే లైటు వెనకున్న సర్దే స్క్రూని తిప్పకండి. ఆ స్క్రూని మీరు ముట్టుకోలేదు కాబట్టి తప్పు అక్కడ ఉండదు, బల్బు పన్ను గాడిలో కూర్చోలేదన్నమాట. తిట్టుకుంటూనే మళ్ళీ తీసి పెట్టాలి.

సులువైన వైపు నుంచి తీసిన పాత బల్బు ఇంకా వెలుగుతుంది కాబట్టి పారేయకండి. కొత్తది వచ్చిన డబ్బాలో పెట్టి, పదో నంబరు పానాతో పాటు స్టెప్నీ పక్కన పడేయండి.